మైకు తెరిచిన శుక్రవారం

అల్లూరు
25 ఏప్రిల్ 2021, ఆదివారం

అబీ,

చిన్నమ్మ దీవెనలు. ఈ కాలంలో ఉత్తరమేందే అని నవ్వొద్దు. ఫోన్ చేస్తే నాకు ఏడుపొస్తుంది. నాకు ఏడుపొస్తే నువ్వు ‘డాక్టరుగారు పిలుస్తున్నారు’ అని పెట్టేస్తావు. ఆ డాక్టరుగారు ఎప్పుడూ నేను ఏడ్చేటప్పుడే ఎందుకు పిలుస్తాడో నాకు తెలియదనుకోకు. పోనీ ఫోన్లో అక్షరాలు నొక్కుదామంటే నా వేలు ఒకటి నొక్కితే అది ఇంకోటి రాస్తుంది. అందుకని కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సప్‌లో పంపుతున్నాను. నువ్వూ అట్లాగే రాయి. నీ చేతిరాత చూసి ఎన్నాళ్లయిందో.

చిన్నాయన బాగున్నాడని రాయమన్నాడు. బాగాలేడు. ఆయాసం మళ్లీ ఎక్కువైంది. రొయ్యల గుంటల దగ్గర కాపలా పని మానిపించి ఇంట్లో కూర్చోబెట్టాను గానీ, మనిషి ఇక్కడ, మనసు గుంటల దగ్గర. మేత సరిగ్గా వేస్తున్నారో లేదో అని పొద్దస్తమానం ఎవరో ఒకరికి ఫోన్లు. పోయిన నెల డాక్టరుగారు ఆయన్ని బయట కూర్చోమని నాతో ఒక మాట చెప్పారు. ఈ ఊపిరితిత్తులకు కరోనా తగిలితే తన చేతుల్లో ఏమీ ఉండదన్నారు. ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు. ఆయనకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

చర్చి మూసేశారు. మన హెబ్రోను సంఘం పాస్టరుగారు రోజూ సాయంత్రం ఫోన్లోనే కూటం పెడుతున్నారు. ఆ నడిపేదంతా పాస్టరమ్మ ప్రేమలీలమ్మగారే. తెర మీద చిన్న చిన్న కిటికీల్లో అందరూ కనిపిస్తారు, ఒకరికి నుదురు, ఒకరికి గడ్డం, ఒకరింట్లో ఫ్యాను. చూస్తే నవ్వొస్తుంది గానీ ఆ కాసేపే నాకు ప్రాణం కుదుటపడేది.

అన్నిటికంటే నాకు కావలసింది, అందరం ఒకేసారి గొంతెత్తి ఎవరి మొర వాళ్లు పెట్టుకునే ప్రార్థన. చర్చిలో అయితే ఆ హోరులో పక్కన కూర్చున్న మనిషి ఏమంటున్నదీ మనకు వినపడదు, మనం అనేది వాళ్లకు వినపడదు. మనిషికి చెప్పుకోలేనివన్నీ అక్కడ చెప్పేసి, కొంగుతో మొహం తుడుచుకుని బయటికొస్తే గుండె తేలికయ్యేది. ఫోన్లోనూ ఆ ప్రార్థన ఉంది. నేను చిన్నాయన చెవిన పడకుండా పెరట్లోకి పోయి, ఉతికే బండ మీద ఫోన్ పెట్టి కళ్లు మూసుకుంటాను. నిన్న ప్రేమలీలమ్మగారు ఫోన్ చేసి, నా మైకు బొమ్మ మీద ఎర్ర గీత ఉందనీ, ఇన్నాళ్లూ నా పాట ఎవరికీ వినపడలేదనీ, దాన్ని ఒకసారి తాకితే తెరుచుకుంటుందనీ చెప్పింది. చూశావా, ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకుని పాడాను. ఇక మీదట తెరిచే పెట్టుకుంటా.

వచ్చే ఆదివారం నీకు సెలవన్నావు కదా. నీ గది కడిగాను, దుప్పట్లు ఎండేశాను. హాస్పిటల్ వాళ్లు ఇచ్చిన ఆ లాడ్జీలో ఎన్నాళ్లని ఉంటావు? వచ్చెయ్యి.

నీ దారి చూసే,
చిన్నమ్మ ఎలిశబెతు


నెల్లూరు
28 ఏప్రిల్ 2021

చిన్నమ్మా,

నీ ఉత్తరం టీ తాగే గదిలో చదివాను. నాతో డ్యూటీ చేసే షారనక్క నా భుజం మీదుగా చూసి తనూ చదివింది. డాక్టరుగారు పిలిచే సంగతి దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వి చాలా రోజులైంది. రెండో ఫోటోలో సగం నీ బొటనవేలే ఉంది, దాని కింద ఏం రాశావో తెలియలేదు. తిట్టే అయ్యుంటుంది.

నేను బాగానే ఉన్నాను. ఆ రక్షణ సూటు విప్పేసరికి చేతులు నీళ్లలో నానబెట్టిన బట్టల్లా ఉంటాయి. ఇక్కడి సంగతులు రాయను. రాస్తే నువ్వు నిద్రపోవు.

ఒకటి మాత్రం చెబుతా. మనసు మీద బరువు తగ్గడానికని హాస్పిటల్ వాళ్లు నర్సులందరి ఫోన్లలో ఒక యాప్ వేయించారు. తెర మీద నీలం గుండ్రం ఒకటి పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. పెద్దదయ్యేటప్పుడు గాలి పీల్చాలి, చిన్నదయ్యేటప్పుడు వదలాలి. అంతే. రోజంతా ఊపిరాడని వాళ్ల మధ్య తిరిగి వచ్చి, మంచం మీద పడుకుని, ఫోన్ చెప్పినట్టు నేను హాయిగా గాలి పీల్చుకుంటున్నాను. మొదట్లో చాలా సిగ్గనిపించింది, ఎవరి సొమ్మో తింటున్నట్టు. ఇప్పుడది లేకపోతే కన్ను మూతపడటం లేదు.

నీ ప్రార్థన కూడా అట్లాంటిదేనేమో. శుక్రవారం ఉపవాస కూటానికి నేనూ వస్తాను. కెమెరా వేయను, ఈ మొహం మీరు చూడొద్దు. ఊరికే వింటాను.

ఇంకో మాట, కాస్త నిదానంగా చదువు. నేను ఇంటికి రావడం మంచిదేనా? టీకా రెండు సార్లూ వేసుకున్నాను, పరీక్ష చేయించుకునే వస్తాను. అయినా నేను తిరిగేది కరోనా వార్డులో. చిన్నాయన గురించి డాక్టరుగారు చెప్పింది నువ్వే రాశావు. ఉన్నదున్నట్టు చెప్పు చిన్నమ్మా. నువ్వు వద్దంటే నేనేమీ అనుకోను. నాకూ ఆ భయం ఉంది.

నీ
అబి


అల్లూరు
29 ఏప్రిల్ 2021

అబీ,

ఏమీ అనుకోవా? నీ ఇంటికి నువ్వు రావడానికి నన్ను అడగడమేంది? మీ అమ్మ పోయిన రోజు నిన్ను చంకనేసుకుని ఈ గడప దాటి లోపలికొచ్చాను. ఆరోజు ఎవర్ని అడిగాను? పిచ్చి మాటలు రాయకు. పరీక్ష చేయించుకుంటానన్నావు కదా, చాలు. ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యి. బొమ్మిడాయిలు చెప్పిపెట్టాను, పులుసు పెడతాను.

ఆ నీలం గుండ్రం సంగతి చిన్నాయనకు చదివి వినిపించాను. తనకూ ఒకటి వేయించమన్నాడు. అది యోగా లాంటిదా? మనం చేయవచ్చునా, పాస్టరుగారిని అడగమంటావా? పోనీలే, నువ్వు నిద్రపోతున్నావంటే అడగను. కాదంటే మళ్లీ నీ నిద్ర పోతుంది.

రేపు కూటంలో కలుద్దాం. కెమెరా వేయకపోతే మానె, నువ్వు అక్కడున్నావంటే నాకదే బలం.

చిన్నమ్మ


అల్లూరు
3 మే 2021, సోమవారం

అబీ,

నిన్న పొద్దున్నించి గేటు తీసే పెట్టాను. పులుసు పొయ్యి మీద మూడు సార్లు కాగింది. చివరికి నీ దగ్గర్నుంచి ఒక ముక్క వచ్చింది, డ్యూటీ పడింది, రాలేను అని. ఫోన్ చేస్తే తీయవు. చిన్నాయన తోక ముక్కలు నీ కోసం పక్కన పెట్టించి, రాత్రికి కూడా ముట్టుకోనివ్వలేదు.

నువ్వు శుక్రవారం కూటంలో ఉన్నావా లేదా? నీ పేరు తెర మీద చూసినట్టే ఉంది. ఆరోజు ప్రార్థనలో నా గుండెలో ఉన్నదంతా కుమ్మరించాను. మైకు కూడా తెరిచే ఉంచాను, నోరు మూసుకుని చేసేది ప్రార్థనెట్లా అవుతుంది? కళ్లు తెరిచేసరికి అందరూ గమ్మున ఉన్నారు. పాస్టరుగారు ముగింపు మాటలు చెప్పడానికి కూడా తడుముకున్నారు. నెట్ పోయిందేమో అనుకున్నాను.

అప్పట్నించి నాకు ఏదీ అర్థం కావడం లేదు. ప్రేమలీలమ్మగారు ఫోన్ చేసి, మనసులో ఏమన్నా ఉంటే తనతో చెప్పుకోమంది. వాట్సప్ గ్రూపులో నా పేరు పెట్టి ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నా ప్రార్థన అంత బాగుందా అని కాసేపు మురిసిపోయాను కూడా. నిన్న సాయంత్రం సంఘంలో ఆడవాళ్లు గుడ్లూ నిమ్మకాయలూ తెచ్చి, అరుగు మీద కూర్చుని, మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, నా చెయ్యి పట్టుకుని ఓదార్చి పోయారు. భయం ఎవరికైనా ఉంటుందని ఒకామె అంది. దేనికి భయం? ఎందుకు ఓదార్పు? నేను అడిగేలోపే లేచి పోయారు.

నువ్వన్నా చెప్పు. ఏం జరుగుతోంది?

చిన్నమ్మ


నెల్లూరు
5 మే 2021

చిన్నమ్మగారికి,

వందనాలు. మీరు, చిన్నాయన క్షేమమని తలుస్తాను.

ఈ నెలంతా నాకు సెలవు దొరకదు. నా గదిలో చిన్నాయనను పడుకోమనండి, ఆ కిటికీకి గాలి బాగా వస్తుంది. అల్లూరు వచ్చే మందుల వ్యాన్‌లో, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే మిషను పంపుతున్నాను. పొద్దునా సాయంత్రమూ చూడండి. ఇంటికి ఎవరినీ రానివ్వకండి. గుడ్లు తెచ్చే వాళ్లనైనా, నన్నైనా.

కూటాలకు ఇక రాలేను. ఇక్కడ నెట్ సరిగా ఉండటం లేదు. మీ మనసు తేలికగా ఉంటే అదే చాలు.

ఇట్లు,
అబిగయీలు


అల్లూరు
8 మే 2021, శనివారం

అబీ,

చిన్నమ్మగారా? ఎవరే ఆ గారు? నీకు జ్వరమొస్తే నీ వాంతులెత్తిన చేతులివి. ఆ చేతులకు వందనాలు పెట్టి, మీరు అని రాస్తావా? మిషను అందింది. నీ ఉత్తరం మీద కోపంతో రెండు రోజులు పెట్టె విప్పలేదు.

తర్వాత కూర్చుని ఆలోచించాను. ఆలోచించే కొద్దీ ఒకటే తోచింది. నీకు ఆ జబ్బు వచ్చింది. ఊరందరికీ తెలుసు, నా దగ్గర దాస్తున్నారు. లేకపోతే ఈ గుడ్లేంది, ఈ చేతులు జోడించడమేంది? పాస్టరమ్మగారిని నిలదీసి అడిగితే, దేవుడు అందరి మనసులూ ఎరుగును అని మాట దాటేసింది. నువ్వు ఇంటికి రావు, ఫోన్ తీయవు, నెట్ లేదంటావు. అంతేగా? చావు బతుకుల్లో ఉండి, పక్కవాళ్ల చేత ఆ ఉత్తరం రాయించావేమో అని కూడా అనుమానమొచ్చి అక్షరాలు పోల్చి చూశాను. నీవే.

నిన్న శుక్రవారం నీ కోసం మొర పెడదామని పెరట్లోకి పోయాను. గొంతెత్తానో లేదో, మైకు మీద ఎర్ర గీత పడింది. తెరిచాను. మళ్లీ పడింది. మళ్లీ తెరిచాను. ప్రేమలీలమ్మ కావాలనే నా ఒక్కదాని నోరు మూయిస్తోంది. బిడ్డ ఆ పరిస్థితిలో ఉంటే ఏడ్చుకోవడానికి కూడా నాకు హక్కు లేదా?

నేనిక ఎవర్నీ అడగను. సోమవారం పొద్దున్నే బయల్దేరి నెల్లూరు వస్తున్నాను. పన్నెండు దాటితే కర్ఫ్యూ అంటున్నారు, దాటకముందే వస్తాను. పోలీసులు ఆపితే నా బిడ్డ దగ్గరికి పోతున్నానని చెబుతాను.

చిన్నమ్మ


నెల్లూరు
9 మే 2021, ఆదివారం

చిన్నమ్మా,

రావొద్దు. నాకు జబ్బేమీ లేదు. నిన్న కూడా పరీక్ష చేశారు, లేదనే వచ్చింది. నువ్వు బస్సుల్లో, పోలీసుల మధ్య పడి రావొద్దనే ఇది రాస్తున్నాను. లేకపోతే ఎప్పటికీ రాసేదాన్ని కాను.

నేను ఇంటికి రావాల్సిన ఆదివారానికి ముందు శుక్రవారం కూటంలో నేనున్నాను. అందరినీ గొంతెత్తి ప్రార్థించమని పాస్టరుగారు చెప్పగానే, ఫోన్లో అన్ని గొంతులూ కలిస్తే గోలగోలగా ఉంటుందని ప్రేమలీలమ్మగారు అందరి మైకులూ ఆపేశారు. ఎవరింట్లో వాళ్లు గట్టిగానే ప్రార్థించుకుంటున్నారు, కానీ ఆ గొంతులేవీ బయటికి రావడం లేదు. నువ్వు మళ్లీ నీ మైకు తెరిచావు. ఆమె కళ్లు మూసుకుని ఉంది, చూసుకోలేదు. చిన్నమ్మా, ఆరోజు హోరు లేదు. నీ ఒక్కదాని గొంతే ఉంది. ఒక్కొక్కరే తమ ప్రార్థన ఆపేసి నీదే విన్నారు.

నువ్వు ఏమన్నావో నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ప్రభువా, ఆ బిడ్డని ఇంటికి రానీకు తండ్రీ. నా నోటితో నేను వద్దని చెప్పలేను, నువ్వే ఏదో ఒకటి అడ్డం పెట్టు. ఆమె అడుగు పెడితే ఈ మనిషి నాకు దక్కడు. ఆమెని ఆడనే ఉంచు.” నేను లాడ్జీలో గోడకు ఆనుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాను. నా చెవిలో నోరు పెట్టి చెప్పినట్టే వినిపించింది.

రావద్దనుకోవడం తప్పని నేను అనను. ఆ మాట నేనే రాశాను, ఉన్నదున్నట్టు చెప్పమని అడిగాను. నువ్వేమో గది కడిగానన్నావు, పులుసు పెడతానన్నావు. నాకేమో తలుపు తీసి, దేవుడి దగ్గరికి పోయి అదే తలుపు వేసెయ్యమన్నావు. ఇందులో ఏది నిజం? రమ్మన్న ఉత్తరమా, రానీకు అన్న ప్రార్థనా? నాకు అర్థం కావడం లేదు చిన్నమ్మా. చిన్నప్పట్నించి నువ్వు నాతో అన్న మాటలన్నీ మళ్లీ మొదటి నుంచి తరచి చూసుకుంటున్నాను, వాటిలో నాతో అన్నవి ఏవి, దేవుడితో వేరేగా అన్నవి ఏవి అని. ఆ గుండ్రం చూస్తూ కూడా నిద్రపోలేకపోతున్నాను.

నీ ప్రార్థన దేవుడు విన్నాడు. నేను రాలేదు.

అబి


అల్లూరు
12 మే 2021, బుధవారం

అబీ,

నీ ఉత్తరం చదివి ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టాను. ఊరంతా అందులోంచి నన్ను చూస్తున్నట్టనిపించింది. ఆ చేతులు జోడించిన బొమ్మలకు మురిసిపోయాను చూడు, అది తలచుకుంటే ఒళ్లంతా చచ్చిపోతుంది. రెండు రోజులు గేటు దాకా కూడా పోలేదు.

నువ్వు అడిగినదానికి చెబుతా. రెండూ నిజమే. గది కడిగేటప్పుడు నువ్వు రావాలనే కడిగాను. దుప్పట్లు మడత పెడుతుంటే ఆయన దగ్గు వినపడింది, నువ్వు రాకూడదనుకున్నాను. పొద్దున రావాలి, సాయంత్రం రావొద్దు. నీకు వద్దని రాస్తే, తల్లి లేని పిల్లని గడప బయట నిలబెట్టినదాన్నవుతానని భయం. రమ్మంటే ఈయన పోతాడని భయం. ఏది చెయ్యాలో తెలియక నీకొకటి చెప్పి, దేవుడికొకటి చెప్పాను. ఆయనే తేల్చుకుంటాడులే అనుకున్నాను. నిన్ను మోసం చెయ్యాలని కాదు తల్లీ. నాకే తెలియలేదు నేనేం కోరుకుంటున్నానో. ఇప్పుడూ తెలియదు.

నీ ఉత్తరం చిన్నాయన చూశాడు. బియ్యం కోసం డబ్బా తీస్తే ఫోన్ దొరికింది. చదువుకుని ఫోన్ నా చేతిలో పెట్టాడు. తర్వాత ఒకటే అన్నాడు. “ఆ బిడ్డ నా కూతురు. నా ఊపిరికి ఆమెని బయట పెట్టమని నిన్ను నేనడిగినానా?” అంతే, చొక్కా తగిలించుకుని గుంటల మీదికి పోయాడు. అక్కడ రొయ్యలు పడుతున్నారు, జనం బాగా ఉన్నారు. నేను పొమ్మనలేదు, ఆపలేదు.

ఇంతవరకు నిన్న రాసి పెట్టుకున్నాను. ఈరోజు తెల్లారేసరికి ఆయన ఒళ్లు కాలిపోతోంది. గుడ్లు తెచ్చిన ఆడవాళ్లలో ఒకామెకు కరోనా అని ఇప్పుడే తెలిసింది. ఎక్కడ అంటుకుందో తెలియదు అబీ. ఆ అరుగు మీదనో, గుంటల దగ్గరో, నా చేతుల్లోంచేనో. నీ దగ్గర్నుంచి మాత్రం కాదు.

నువ్వు పంపిన మిషను వేలికి పెట్టాను. అంకె ఒకసారి ఒకటి చూపిస్తోంది, ఇంకోసారి ఇంకోటి. ఇది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. దాని ఫోటో కింద పెడుతున్నాను, చూడు. ఇది చదవగానే ఫోన్ చెయ్యి. ఏడవను.

చిన్నమ్మ


నెల్లూరు
23 మే 2021, ఆదివారం

చిన్నమ్మా,

ఆరోజు మిషను ఫోటో చూసి, ఉత్తరం సంగతి తర్వాత అనుకుని అంబులెన్సు వాళ్లకు ఫోన్ చేశాను. అప్పట్నించి రోజూ నీకు ఫోన్లో చెప్పింది ‘బాగున్నాడు’ అనే ఒక్క మాటే. నువ్వు మాట ప్రకారం ఏడవలేదు. నాకే ఏడుపొచ్చి, ‘డాక్టరుగారు పిలుస్తున్నారు’ అని పెట్టేసేదాన్ని. ఈరోజు కాస్త వివరంగా రాస్తాను.

నిన్నటితో ఆక్సిజన్ తీసేశారు. సొంతంగా ఊపిరి తీసుకుంటున్నాడు. పొద్దున ఇడ్లీ పెడితే, ఇది ఏం ఇడ్లీ అని అడిగాడు. డాక్టరుగారు నవ్వి, ఇక పంపించెయ్యొచ్చు అన్నారు. గురువారం ఇంటికి పంపుతారు. చేతిలో ఫోన్ పెట్టగానే నీకు కాకుండా గుంటల వాళ్లకు చేశాడు. తర్వాత నీకు చేశాడులే, కోప్పడకు. ఇంట్లో ఒక్కదానివే జ్వరంతో పడి ఉన్నావు, నీకు వాసన తెలియడం లేదని ఎవరికీ చెప్పలేదు, ఆ కోపం ఆయనకు ఇంకా ఉంది.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన మాట. చిన్నాయన మా వార్డుకే వచ్చాడు, నేను చూసే మంచాల వరసలోకే. రావడం రావడం ఆయన ఆయాసం చూశాను. ఆ ఆయాసం ఎట్లా ముగుస్తుందో ఈ రెండు నెలల్లో చాలాసార్లు చూశాను చిన్నమ్మా. హెడ్ సిస్టరు దగ్గరికి పోయి, నన్ను అవతలి వరసకు మార్చమని బతిమాలుకున్నాను. మార్చింది. ఆయన నా పేరు పెట్టి అడుగుతున్నాడని షారనక్క వచ్చి చెప్పింది. గాజు తలుపు దాకా పోయాను. లోపలికి పోలేదు. మందుల గదిలోకి పోయి, గోడకు తల ఆనించి నేనేమన్నానో తెలుసా? “ప్రభువా, ఆ మంచం నాకు రానీకు. ఆయన పోవాల్సి వస్తే నా చేతుల్లో పోనీకు.”

ఏ మాటకి నిన్ను నిలదీశానో అదే మాట అది. రెండు రోజులు అట్లాగే తప్పించుకు తిరిగాను. నీకు మాత్రం ఫోన్లో దగ్గరుండి చూసుకుంటున్నానని చెప్పాను. నా దగ్గర మైకు తెరిచి లేదు, అంతే తేడా.

మూడో రోజు ఎట్లా పోయానో పోయాను. బోర్లా పడుకుని ఉన్నాడు. నా ముసుగు మీద రాసుకున్న పేరు కూడబలుక్కుని చదివి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎందుకు రాలేదని అడగలేదు. మీ చిన్నమ్మ అన్నం తినిందా అని అడిగాడు.

నువ్వు అన్న ఆ మాట ఇంకా నొప్పిగానే ఉంది. కానీ ఆ మాట అనే మనిషి ఎట్లా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు.

గురువారం హాస్పిటల్ బండిలో నేనే తీసుకొస్తాను. గేటు దగ్గర దింపి, నీకు మందులు చెప్పేసి, అదే బండిలో వెనక్కి వచ్చేస్తాను. లోపలికి రాను. ఈసారి అలిగి కాదు. ఆయన ఇంకా చాలా నీరసంగా ఉన్నాడు, నేనేమో వార్డులోంచే వస్తాను.

నీ
అబి


అల్లూరు
25 మే 2021, మంగళవారం

అబీ,

గేటు దగ్గర దింపి పోతావా? ఆయనేమన్నా పార్సిలా?

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. మందుల గది దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ చదవలేక ఆగిపోయాను. ఆ గదిలో నువ్వు ఒక్కదానివే నిలబడి ఉన్నావు. నేను అక్కడ ఉండి ఉంటే నీ తల నా భుజం మీద పెట్టుకునేదాన్ని, మాటలేవీ మాట్లాడేదాన్ని కాదు.

నిన్న కూటంలో మైకు తెరవమని ప్రేమలీలమ్మగారిని నేనే అడిగాను. అడగగానే ఆమె మొహం పాలిపోయింది, మళ్లీ ఏమంటానో అని. ఏమీ లేదు. ఆరోజు నేనన్నది మీరంతా విన్నారు, నా బిడ్డా విన్నది, ఆ బిడ్డే ఈయన్ని చూసుకుని గురువారం తీసుకొస్తోంది అని చెప్పాను. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనెప్పుడూ తుడుచుకుంటూనే ఉంటారు, దాన్నిబట్టి ఏమనుకున్నారో నాకు తెలియలేదు. ఇప్పుడెవరు ఏమనుకుంటే నాకేం గానీ.

నాకు జ్వరం పోయింది. వాసన కొంచెం తెలుస్తోంది.

ఇప్పుడు నీతో చెప్పాల్సింది ముందు నీకే చెబుతాను. నువ్వు లోపలికొస్తావంటే నాకు ఇప్పటికీ భయమే. ఆయన ఊపిరి ఇంకా కుదురుకోలేదు, నువ్వేమో అక్కడి నుంచి వస్తావు. నీ మొహం చూసి సంతోషపడతాను, నువ్వు దగ్గితే ఉలిక్కిపడతాను. ఆ ఉలికిపాటు నీకు కనపడుతుంది, దాచలేను. దాచను కూడా. ఆయనకు లోపలి గది, నీకు ముందు గది, మధ్యలో నేను. కిటికీలన్నీ తీసి పెడతాను. మాస్కు పెట్టుకునే ఉండు. రాత్రికి ఉండలేకపోతే ఉండొద్దు, కానీ కూర్చుని అన్నం తినకుండా పోవద్దు. నేను భయపడుతూ వడ్డిస్తాను, నువ్వు చూస్తూ తిను.

రావొద్దని ఎవరికీ మొర పెట్టుకోలేదు. రమ్మని కూడా ఇంకెవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

రా.

చిన్నమ్మ